ఏపీ బయాలజీలో 5 వచ్చింది, మెడికల్ స్కూలుకు అది చాలుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నారు. మీ అమ్మాయి పదకొండో తరగతిలో ఏపీ (హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం చదివి రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) బయాలజీ పరీక్ష రాసి, 1 నుంచి 5 దాకా ఇచ్చే మార్కుల్లో 5 తెచ్చుకుంది, ఈ ఆగస్టులో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరుతోంది. ఆ 5 చూసి మొదటి ఏడాది బయాలజీకి విశ్వవిద్యాలయం వాళ్లు 8 క్రెడిట్లు (కోర్సు పూర్తయినట్టు లెక్కకట్టే గంటలు) ఇస్తామన్నారు. అక్కడి సలహాదారు నేరుగా జెనెటిక్స్‌లో చేరమంటున్నారు. మీ మిత్రులేమో మెడికల్ స్కూళ్లు ఏపీని లెక్కచేయవు కాబట్టి మొదటి నుంచి మళ్లీ చదివించమంటున్నారు. ఎవరి మాట వినాలన్నది మీ సందేహం. తొమ్మిదో తరగతిలో చేరబోతున్న అబ్బాయి గురించి కూడా ఒక మాట అడిగారు, దానికి చివర్లో వస్తాను.

పదిహేడేళ్లుగా మెడికల్ స్కూలుకు వెళ్లాలనుకునే డిగ్రీ విద్యార్థులకు సలహాలు చెప్పడమే నా ఉద్యోగం. ఈ ప్రశ్న ఏటా వేసవిలో వస్తుంది, అందులోనూ మన తెలుగు ఇళ్ల నుంచి ఎక్కువ. నా జవాబు ముందే చెప్పేస్తాను. క్రెడిట్ తీసుకోమనండి. మొదటి ఏడాది బయాలజీ మళ్లీ చదవాల్సిన పని లేదు. కానీ మిగిలిన ఆ ఖాళీలో బయాలజీ మానేయకూడదు. కాలేజీలోనే, గ్రేడుతో, ల్యాబుతో, కనీసం రెండు సెమిస్టర్లు పై స్థాయి బయాలజీ చదవాలి. మీ సలహాదారు చెప్పింది నిజమే, మీ మిత్రుల భయంలోనూ నిజం ఉంది. ఇద్దరూ చెరో సగం చెప్పారు.

ఈ గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత దగ్గర. ఏపీ మార్కుకు క్రెడిట్ ఇవ్వాలా వద్దా అన్నది డిగ్రీ కాలేజీ నిర్ణయం. ఆ క్రెడిట్‌ను ప్రవేశ అర్హతగా ఒప్పుకోవాలా వద్దా అన్నది నాలుగేళ్ల తర్వాత మెడికల్ స్కూలు తీసుకునే నిర్ణయం. మొదటిదాని మాటకు రెండోది కట్టుబడి ఉండదు. మీ అమ్మాయి చేతిలో ఉన్నది మొదటి వరం మాత్రమే.

అసలు ఏపీ అంటే ఏమిటో ఒకసారి చూడండి. మనకు ఏపీ అనగానే రాష్ట్రం గుర్తుకొస్తుంది కానీ ఇక్కడ అది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. 1950లలో ఈ ఆలోచన పుట్టింది. 1955లో కాలేజీ బోర్డు అనే పరీక్షల సంస్థ దీని నిర్వహణ చేపట్టి, మరుసటి ఏడాది మొదటి పరీక్షలు పెట్టింది. హైస్కూల్లోనే బాగా చదివిన పిల్లలు కాలేజీకి వెళ్లి అదే పాఠం మళ్లీ వింటూ కూర్చోకుండా, వాళ్లను ఒక మెట్టు పైన కూర్చోబెట్టాలన్నది ఉద్దేశం. పేరులో ఉన్నది ప్లేస్‌మెంటే, మినహాయింపు కాదు. మెడికల్ స్కూళ్లు నేటికీ ఆ పేరును అక్షరాలా చదువుతాయి. పై మెట్టు మీద కూర్చున్నారు సరే, అక్కడి నుంచి ఎక్కారా లేదా అని అడుగుతాయి.

మన తల్లిదండ్రులకు ఇది వింతగా అనిపించడానికి కారణం ఉంది. మన దగ్గర ఇంటర్ బైపీసీలో చదివిన బోటనీ, జువాలజీలే ఎంబీబీఎస్‌కు దారి. నీట్‌లో 720 మార్కులకు 360 జీవశాస్త్రానివే. పన్నెండో తరగతి బయాలజీతోనే బతుకు దారి తేలిపోతుంది. అమెరికాలో ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటిది) అన్నది డిగ్రీ తర్వాతి చదువు కనుక, హైస్కూల్లో ఏం చదివారన్నది అక్కడ దాదాపు ఎవరూ చూడరు. 1910లో అబ్రహం ఫ్లెక్స్‌నర్ అనే విద్యావేత్త 155 వైద్య కళాశాలలు తిరిగి చూసి తన నివేదిక రాశాడు. వైద్యం నేర్చుకునే ముందు కాలేజీ స్థాయిలో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ప్రయోగశాలతో సహా చదివి ఉండాలన్న పద్ధతి గట్టిపడింది ఆ తర్వాతే. ల్యాబు అనే మాట దగ్గర ఈ స్కూళ్లు ఇప్పటికీ ఎందుకంత పట్టుదలగా ఉంటాయో దాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇక ఈనాటి నియమాలు. దేశమంతటికీ కలిపి ఒకే నియమం లేదు. కొన్ని మెడికల్ స్కూళ్లు ఏపీ క్రెడిట్‌ను ఉన్నదున్నట్టుగా ఒప్పుకుంటాయి. చాలా స్కూళ్లు ఒప్పుకుంటూనే, దానికి బదులుగా అదే శాస్త్రంలో పై స్థాయి కోర్సులు చూపించమంటాయి. కొన్ని అసలు ఒప్పుకోవు. ఫలానా కోర్సు తప్పనిసరి అనే పద్ధతినే వదిలేసి, ఏ సామర్థ్యాలు ఉండాలో మాత్రమే చెప్పే స్కూళ్లు కూడా ఉన్నాయి. అమెరికా వైద్య కళాశాలల సంఘం ఏఏఎంసీ, హోవర్డ్ హ్యూస్ వైద్య సంస్థ కలిసి 2009లో ఇచ్చిన నివేదిక ఈ మార్పుకు బలమిచ్చింది. నేను చెప్పిన దారి మంచిదని ఎందుకు అంటున్నానంటే, ఈ నాలుగు రకాల్లో మూడింటికి అది నిస్సందేహంగా సరిపోతుంది. అసలు ఒప్పుకోమనే స్కూళ్లలో కూడా, రెండు సెమిస్టర్ల పై స్థాయి బయాలజీ ల్యాబుతో చదివితే ఏడాది బయాలజీ చదివినట్టే లెక్క వేసేవి తరచుగా కనిపిస్తాయి. అక్కడ వాళ్లు కాదంటున్నది ఏపీని మాత్రమే, మీ అమ్మాయి బయాలజీని కాదు.

ఏ స్కూలు ఏమంటుందో తెలుసుకోవడానికి ఏఏఎంసీ వాళ్ల ఎంఎస్ఏఆర్ అనే ఆన్‌లైన్ జాబితా ఉంది. పూర్తిగా చూడాలంటే ఏడాదికి కొంత చందా కట్టాలి. ఒక్కో స్కూలు పేజీలో కోర్సు వారీగా తప్పనిసరా, సిఫారసు మాత్రమేనా, ల్యాబు కావాలా, ఏపీ చెల్లుతుందా అని ఉంటుంది. ఇది ఇప్పుడే కొనకండి. నియమాలు ఏటా మారుతుంటాయి. రెండో ఏడాది చివర్లో ఒకసారి, దరఖాస్తుకు ముందు ఒకసారి చూస్తే చాలు. అక్కడి మాట అర్థం కాకపోతే ప్రవేశాల కార్యాలయానికి ఈమెయిల్ రాసి, వచ్చిన జవాబు దాచుకోమనండి. ఫోనులో విన్న మాట రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

మీరు టెక్సాస్‌లో ఉన్నారు కనుక ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ రాష్ట్రపు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో తొంభై శాతం సీట్లు టెక్సాస్ నివాసులకే, కాబట్టి మీ అమ్మాయికి అసలు ఆశలన్నీ ఇక్కడే. వాటికి దరఖాస్తు టీఎండీఎస్ఏఎస్ అనే రాష్ట్ర సేవ ద్వారా వెళ్తుంది. అక్కడ ఏపీ విషయంలో పట్టింపు తక్కువే. విశ్వవిద్యాలయం ట్రాన్స్‌క్రిప్టులో (కోర్సులు, గ్రేడుల అధికారిక పత్రంలో) ఏ కోర్సుకు ఎన్ని గంటల క్రెడిట్ ఇచ్చారో స్పష్టంగా ఉంటే తీసుకుంటారు. కానీ ఒక మెలిక ఉంది. మిగతా దేశంలో మామూలుగా ఏడాది బయాలజీ అడుగుతుంటే, టెక్సాస్‌లో చాలాకాలం 14 గంటలు అడిగారు, 12 పాఠాలకు, 2 ల్యాబుకు. ఇప్పుడు ఏ స్కూలుకా స్కూలు తన నియమాలు తాను చెబుతోంది కనుక చూసుకోవాలి, అయినా పాత కొలత మనసులో పెట్టుకోవడం మంచిది. 8 క్రెడిట్లు మొత్తంగా చెల్లినా ఇంకో 6 గంటలు మిగిలే ఉంటాయన్నమాట. అంటే జెనెటిక్స్, సెల్ బయాలజీ లాంటివి ఎలాగూ చదవాల్సిందే. మొదటి ఏడాది బయాలజీ మళ్లీ చదివినా వాటి నుంచి తప్పించుకోలేరు.

ట్రాన్స్‌క్రిప్టులో స్పష్టంగా అన్నాను కదా, ఆ మాట దగ్గర నేను పడ్డ ఒక ఇబ్బంది చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక అబ్బాయి నాలుగో ఏడాదిలో దరఖాస్తు నింపుతూ నా దగ్గరకు వచ్చాడు. అతని ట్రాన్స్‌క్రిప్టులో ఏపీ బయాలజీ ఎదురుగా కోర్సు నంబరు లేదు. బయాలజీ ఎలెక్టివ్, 8 గంటలు, అంతే. దేనికి సమానమో ఎక్కడా లేదు. ల్యాబు ఉందో లేదో తెలియదు. అతను జెనెటిక్స్ పాఠం చదివాడు కానీ దాని ల్యాబు వేరే కోర్సు అని తెలియక తీసుకోలేదు. నాలుగేళ్ల కింద పది నిమిషాల్లో సరిదిద్దగలిగిన పని కోసం మే నెలంతా రిజిస్ట్రార్ కార్యాలయం చుట్టూ తిరిగాం. చివరికి కోర్సు నంబర్లు వేశారు. ల్యాబును మాత్రం వేసవి సెమిస్టర్‌లో పూర్తి చేయాల్సి వచ్చింది. తప్పు అతనిదొక్కడిదే అనను, మొదటి ఏడాదిలోనే అడిగి ఉండాల్సింది మేము కూడా.

అందుకని ఓరియెంటేషన్‌కు వెళ్లినప్పుడు మీ అమ్మాయి అడగాల్సినవి రెండు. ఆ 8 క్రెడిట్లు ఏ ఏ కోర్సు నంబర్ల కింద పడతాయి? అందులో ల్యాబు ఉందా, పాఠానికి మాత్రమేనా? పాఠానికి మాత్రమే ఇచ్చి ల్యాబు వదిలేసే కాలేజీలు కొన్ని ఉన్నాయి. అలాంటప్పుడు ల్యాబు కోర్సు ఒక్కటే విడిగా తీసుకోనిస్తారేమో కనుక్కోవాలి. మరో సంగతి, తర్వాత వేరే విశ్వవిద్యాలయానికి మారే ఆలోచన ఉంటే, కొత్త చోట ఇదే క్రెడిట్ ఇస్తారన్న హామీ లేదు. వాళ్లు కాలేజీ బోర్డు నుంచి మార్కు తెప్పించుకుని తమ పద్ధతిలో మళ్లీ లెక్క వేస్తారు.

టెక్సాస్ బయట దరఖాస్తులు ఏఎంసీఏఎస్ అనే దేశవ్యాప్త సేవ ద్వారా వెళ్తాయి. అందులో ఏపీ క్రెడిట్‌ను కాలేజీ ఇచ్చినదిగా నమోదు చేస్తారు, గ్రేడు ఉండదు, గ్రేడుల సగటులోకి రాదు. దరఖాస్తులో సైన్సుకూ గణితానికీ కలిపి వేరే సగటు లెక్కిస్తారు. బీసీపీఎం అంటారు, అంటే బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్. బయాలజీలో రెండు కోర్సులు ఏపీకి పోతే ఆ సగటులో ‘ఏ’ గ్రేడు తెచ్చే అవకాశమున్న రెండు కోర్సులు పోయినట్టే కదా అని మీ మిత్రులు అని ఉంటారు. ఆ లెక్క తప్పు కాదు. కానీ ప్రవేశ కమిటీలో కూర్చున్నవాళ్లు కోర్సుల పేర్లు కూడా చదువుతారు. ఏపీలో 5 వచ్చిన అమ్మాయి అదే పాఠం మళ్లీ చదివి ‘ఏ’ గ్రేడు తెచ్చుకుంటే అందులో వాళ్లకు కొత్తగా తెలిసేదేమీ లేదు. సెల్ బయాలజీలో ఏ మైనస్ తెచ్చుకుంటే తెలుస్తుంది.

అలాగని మళ్లీ చదవడం పాపం కాదు. ఒకమ్మాయి నా మాట వినకుండా మొదటి నుంచి చదివింది. పదో తరగతిలో రాసిన పరీక్ష, సగం మర్చిపోయాను మేడమ్ అంది. ఆ మాట సబబే. ఇప్పుడు ఎముకల వైద్యంలో రెసిడెన్సీ చేస్తోంది. కాకపోతే మళ్లీ చదివితే ఏపీ క్రెడిట్ వదులుకోవాలి. ఒకే కోర్సుకు రెండుసార్లు క్రెడిట్ ఉండదు, చాలా విశ్వవిద్యాలయాలు పాతదాన్ని వెంటనే తీసేస్తాయి. ఆ 8 క్రెడిట్ల మీద ఆధారపడి మూడున్నరేళ్లలో పూర్తి చేద్దామని లెక్క వేసుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పరీక్ష 3 మార్కుతో గట్టెక్కినవాళ్లకు, చదివి మూడేళ్లు దాటినవాళ్లకు మాత్రం మళ్లీ చదవమనే నేనూ చెబుతాను.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు చేసేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లంటే నాకు ఎక్కువ బెంగ. ఒక పిల్లవాడు బయాలజీ, కెమిస్ట్రీ, కాలిక్యులస్ మూడింటిలోనూ ఏపీ క్రెడిట్ తెచ్చుకుని మొదటి సెమిస్టర్‌లోనే ఆర్గానిక్ కెమిస్ట్రీ, జెనెటిక్స్ కలిపి తీసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటి రెండేళ్లు కాలేజీ పద్ధతికి అలవాటుపడినవాళ్లు. ఇతనికి డార్మిటరీలో నిద్రపోవడమే ఇంకా అలవాటు కాలేదు. రెండింటిలోనూ సీ వచ్చింది. తెలివి తక్కువై కాదు. మిగతా మూడేళ్లూ ఆ రెండు గ్రేడులకు వివరణ రాసుకుంటూ గడిపాడు. ఇల్లలకగానే పండగ కాదు.

మీ అమ్మాయికైతే నేను చెప్పే వరుస ఇది. మొదటి సెమిస్టర్‌లో జనరల్ కెమిస్ట్రీ ల్యాబుతో, ఒక గణితం లేదా స్టాటిస్టిక్స్, ఒక రచనా కోర్సు, ఇంకేదైనా ఆమెకు ఇష్టమైనది. బయాలజీ లేకపోయినా ఫర్వాలేదు. రెండో సెమిస్టర్‌లో జెనెటిక్స్. చాలా చోట్ల దానికి ముందు కెమిస్ట్రీ చదివి ఉండాలంటారు కూడా. రెండో ఏడాది సెల్ బయాలజీ, దానికి ల్యాబు వేరుగా ఉంటే అదీ. మైక్రోబయాలజీ ల్యాబు మంచిది, చేతులు పని చేస్తాయి. ఆ తర్వాత ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. ల్యాబు విషయంలో ఒక నియమం పెట్టుకోమనండి, డిగ్రీ పూర్తయ్యేసరికి ట్రాన్స్‌క్రిప్టులో కాలేజీలో చేసిన బయాలజీ ల్యాబులు రెండు కనిపించాలి. ఏపీలో ఇచ్చిన ల్యాబు అందులో లెక్క కాదు.

ఫిజియాలజీ పేరు ఊరికే చెప్పలేదు. ఏపీ బయాలజీ పాఠ్యప్రణాళికలో ఇప్పుడున్నవి ఎనిమిది భాగాలు. జీవ రసాయనం, కణ నిర్మాణం, కణ శక్తి, కణాల మధ్య సంకేతాలు, వారసత్వం, జన్యు వ్యక్తీకరణ, సహజ వరణం, జీవావరణం. గుండె, మూత్రపిండం, ఊపిరితిత్తి అన్న అధ్యాయాలు వెతికినా దొరకవు. పాత ఏపీలో ఉండేవి, తర్వాత తగ్గించేశారు. మెడికల్ స్కూళ్ల ప్రవేశానికి రాసే ఎంక్యాట్ పరీక్షలో మాత్రం అవి తప్పవు. 2015 నుంచి ఉన్న పద్ధతిలో నాలుగు విభాగాలు, ఒక్కోటి 118 నుంచి 132, మొత్తం 472 నుంచి 528. బయాలజీ విభాగంలో 95 నిమిషాలకు 59 ప్రశ్నలు. అందులో 65 శాతం ప్రాథమిక బయాలజీ, 25 శాతం బయోకెమిస్ట్రీ. ప్రాథమికం అన్న మాట చూసి ఏపీతో సరిపోతుందనుకుంటారు. మూత్రపిండంలో నీరు ఎలా తిరిగి రక్తంలోకి వస్తుందో గ్రాఫు ఇచ్చి అడిగినప్పుడు ఏపీ పుస్తకం ఏమీ చెప్పదు. మొదటి ఏడాది బయాలజీ దాటేసినవాళ్లు ఈ భాగాన్ని ఎక్కడో ఒకచోట పూరించుకోవాలి, ఫిజియాలజీ కోర్సు అందుకు సరైన చోటు.

చిన్న లాభం ఒకటి ఎవరూ చెప్పరు. మొదటి ఏడాది బయాలజీ తరగతిలో మూడు వందల మంది ఉంటారు, ప్రొఫెసర్‌కు ముఖం కూడా గుర్తుండదు. పై తరగతుల్లో ముప్ఫై మంది ఉంటారు. సైన్సు ప్రొఫెసర్ల నుంచి సిఫారసు లేఖలు కావాలి కదా, అవి పుట్టేది అక్కడే.

మిగతా సబ్జెక్టుల సంగతి టూకీగా. కాలిక్యులస్‌కు ఏపీ దాదాపు ఎక్కువ చోట్ల చెల్లుతుంది. కెమిస్ట్రీ బయాలజీ లాంటిదే, ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ పైన చదువుతారు కనుక చిక్కు తక్కువ. ఫిజిక్స్‌లో పై కోర్సులు ప్రీ-మెడ్ (మెడికల్ స్కూలుకు సిద్ధమయ్యే) పిల్లలు దాదాపు ఎవరూ తీసుకోరు కాబట్టి అది కాలేజీలోనే చదివేయడం మేలు. ఇంగ్లిషుకు ఏపీని ఒప్పుకోని స్కూళ్లు చాలానే ఉన్నాయి, ఒక రచనా కోర్సు కాలేజీలో తప్పక చదవాలి.

ఇక మీ అబ్బాయి. హైస్కూల్లో ఏపీ బయాలజీ తీసుకోవాలా, పక్కనే ఉన్న కమ్యూనిటీ కాలేజీతో కలిపి ఇచ్చే డ్యూయల్ క్రెడిట్ బయాలజీ తీసుకోవాలా అని అడిగారు. డ్యూయల్ క్రెడిట్ సులువని, కాలేజీ గ్రేడు చేతికొస్తుందని చాలామంది అటు మొగ్గుతారు. అది నిజంగా కాలేజీ గ్రేడే. పదహారేళ్ల వయసులో తెచ్చుకున్న బీ, ఆరేళ్ల తర్వాత మెడికల్ స్కూలు దరఖాస్తులో అలాగే కనిపిస్తుంది, ఏఎంసీఏఎస్ సగటులోనూ టీఎండీఎస్ఏఎస్ సగటులోనూ చేరుతుంది. ఆ కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు దాచే వీలు లేదు, ప్రతి కాలేజీదీ పంపాల్సిందే. ఏపీలో 2 వస్తే కాలేజీకి ఆ మార్కు పంపకుండా ఊరుకోవచ్చు, మెడికల్ స్కూలు దాకా ఎవరూ అడగరు. అబ్బాయికి డాక్టరు కావాలన్న ఆలోచన ఏ మాత్రం ఉన్నా, తొమ్మిదీ పదీ తరగతుల్లో సైన్సు డ్యూయల్ క్రెడిట్ జోలికి పోవద్దు. పదకొండులో ఏపీ రాయించండి. చరిత్ర, ప్రభుత్వ పాలన లాంటివి డ్యూయల్ క్రెడిట్‌లో తీసుకుంటానంటే, ‘ఏ’ గ్రేడు వస్తుందన్న నమ్మకం ఉంటే తీసుకోనివ్వండి.